ఒకే లోహం, రెండు పేర్లు: మెటల్ రెసిస్టర్లతో నెట్‌లను విడదీసిన ప్రాజెక్టు డైరీ

బ్లాక్: స్కై130 (130 నానోమీటర్ల చిప్ తయారీ పద్ధతికి ఓపెన్ డిజైన్) కిట్‌లో 3.3 వోల్టుల నుంచి 1.8 వోల్టులు ఇచ్చే రెగ్యులేటర్. గరిష్ఠ లోడ్ 20 మిల్లీఆంపియర్లు. పక్కనే కొద్దిపాటి డిజిటల్ నియంత్రణ భాగం ఉంది. లేఅవుట్ (చిప్ మీది ఆకారాల పటం) మ్యాజిక్ అనే సాధనంలో గీశాం, అది స్కీమాటిక్‌తో (సర్క్యూట్ బొమ్మతో) సరిపోతుందా అని చూసే ఎల్‌వీఎస్ పోలిక నెట్‌జెన్‌లో నడిపాం. రెండో చూపు కోసం కేలేఅవుట్ అనే మరో సాధనంలో ఒక ఎల్‌వీఎస్ స్క్రిప్ట్ రాశాం. పని మొత్తంలో నెట్‌లను (ఒకదానితో ఒకటి కలిసి ఒకే కనెక్షన్‌గా లెక్కకొచ్చే తీగలను) విడదీయాల్సిన చోట్లు మూడు: అవుట్‌పుట్ సెన్స్ లైన్ (అవుట్‌పుట్ వోల్టేజీని గమనించే తీగ), గ్రౌండ్‌లు, వాడని డిజిటల్ అవుట్‌పుట్‌లు.

రోజు 1 – క్లీన్ వచ్చిన తప్పు

ఎల్‌వీఎస్ క్లీన్. డీఆర్‌సీ (తీగల వెడల్పులు, దూరాల నియమాల తనిఖీ) క్లీన్. అయినా లేఅవుట్ తప్పు.

పాస్ ట్రాన్సిస్టర్ (లోడ్ కరెంటును మోసే ప్రధాన ట్రాన్సిస్టర్) నుంచి లోడ్ దగ్గరి ప్యాడ్ వరకు మెటల్ 4లో 20 మైక్రాన్ల వెడల్పు, 400 మైక్రాన్ల పొడవున్న తీగ వెళ్తుంది. ఫీడ్‌బ్యాక్ డివైడర్‌కు (అవుట్‌పుట్ వోల్టేజీలో కొంత భాగాన్ని దిద్దుబాటుకు పంపే రెసిస్టర్లకు) వెళ్లే సెన్స్ లైన్ ప్యాడ్ దగ్గర మొదలవ్వాలి. లేఅవుట్‌లో అది పాస్ ట్రాన్సిస్టర్ పక్కనే, తీగ మొదట్లోనే కలిసింది. స్కీమాటిక్‌లో రెండూ ఒకే నెట్ కాబట్టి ఎక్కడ కలిసినా పోలిక ఒప్పుకుంటుంది. దాని దృష్టిలో 400 మైక్రాన్ల తీగ ఒక చుక్కతో సమానం.

నష్టం లెక్కేయడం తేలికే. మెటల్ 4 షీట్ రెసిస్టెన్స్ చదరానికి 0.047 ఓమ్. 400ను 20తో భాగిస్తే 20 చదరాలు, అంటే 0.94 ఓమ్. 20 మిల్లీఆంపియర్ల లోడ్‌లో 18.8 మిల్లీవోల్టులు తీగలోనే పోతాయి. 1.8 వోల్టుల అవుట్‌పుట్‌లో ఇది ఒక శాతం పైమాటే, ఫీడ్‌బ్యాక్‌కు కనబడదు కాబట్టి దిద్దుబాటూ జరగదు. సరైన చోట కలిపితే సెన్స్ లైన్ సొంత రెసిస్టెన్స్ మాత్రమే మిగులుతుంది. మెటల్ 3లో అర మైక్రాన్ వెడల్పు, 400 మైక్రాన్ల పొడవు అంటే 800 చదరాలు, 37.6 ఓమ్‌లు. డివైడర్ తీసుకునే 10 మైక్రోఆంపియర్లకు అక్కడ పడేది 0.38 మిల్లీవోల్టు. లైన్ ఎంత సన్నగా ఉన్నా పర్వాలేదు, కలిసే చోటు మాత్రం ముఖ్యం.

కాబట్టి కావాల్సింది ఒకటే. రెండు నెట్‌లు ఎక్కడ కలవాలో స్కీమాటిక్‌లోనే చెప్పాలి, మరెక్కడ కలిసినా పోలిక పట్టుకోవాలి.

రోజు 2 – మార్కర్ ఏం చేస్తుంది

దానికి మేం వాడింది మెటల్ రెసిస్టర్. దాని కోసం అదనంగా ఏదీ తయారుకాదు. తీగ మీద ఒక గుర్తింపు లేయర్ గీస్తాం, అంతే. అది మాస్క్ మీదికి పోదు. ఫ్యాబ్‌లో తీగ ఎప్పటిలాగే అతుకు లేకుండా వస్తుంది. ఎక్స్‌ట్రాక్షన్ (లేఅవుట్ చూసి సర్క్యూట్‌ను తిరిగి రాసే దశ) మాత్రం ఆ గుర్తు చూసి తీగను రెండుగా కోసి, కోసిన ముక్కను రెండు కొసల డివైస్‌గా రాస్తుంది. రెసిస్టెన్స్ కొత్తగా పెరగదు. ఎలాగూ అక్కడున్న లోహానికే ఒక పేరు వస్తుంది.

స్కై130లో ఈ లేయర్ల నంబర్లు గుర్తుంచుకోవడం సులువు. మెటల్ 1 డ్రాయింగ్ 68/20, దాని రెసిస్టర్ మార్కర్ 68/13. మెటల్ 2 నుంచి 5 వరకు మొదటి అంకె 69, 70, 71, 72గా పెరుగుతుంది. 20, 13 మారవు. మెటల్ 1 కింది పొర అయిన లోకల్ ఇంటర్‌కనెక్ట్‌కు 67/20, 67/13.

కేలేఅవుట్ స్క్రిప్ట్‌లో తర్కం రెండే వాక్యాలు: మెటల్‌లోంచి మార్కర్‌ను తీసేస్తే మిగిలేది కండక్టర్, మెటల్‌కూ మార్కర్‌కూ ఉమ్మడిగా ఉన్నది రెసిస్టర్ బాడీ. నెట్ కనెక్షన్లన్నీ కండక్టర్ లేయర్‌తోనే రాయాలి. ఒక్క వయా (రెండు మెటల్ పొరలను నిలువుగా కలిపే ముక్క) కనెక్షన్‌లోనైనా పాత మెటల్ లేయర్ పేరు మిగిలిపోతే మార్కర్ ఉన్నా నెట్‌లు కలిసిపోతాయి. మ్యాజిక్‌లో మార్కర్‌ను విడిగా గీయనక్కర్లేదు. రెసిస్టర్ రకం మెటల్ పెయింట్ చేస్తే జీడీఎస్ (ఫ్యాబ్‌కు పంపే లేఅవుట్ ఫైల్) రాసేటప్పుడు మెటల్, మార్కర్ రెండూ వస్తాయి.

ఏ మెటల్ వాడాలి? ఆ చోట తీగ ఏ మెటల్‌లో ఉంటే అదే. మార్కర్ కోసం వయాలు దిగి వేరే లేయర్‌కు వెళ్లడం అనవసరం, వయా రెసిస్టెన్స్ అదనంగా తగులుతుంది. లోకల్ ఇంటర్‌కనెక్ట్ మాత్రం వద్దు. అది టైటానియం నైట్రైడ్, చదరానికి పది ఓమ్‌ల పైన ఉంటుంది. విద్యుత్తు మోసే చోట ఆ ముక్కే పెద్ద తప్పు.

రోజు 3 – కొలతలు, స్కీమాటిక్

పొడవు ఎప్పుడూ కరెంటు నడిచే దిశలో, వెడల్పు తీగకు అడ్డంగా. వెడల్పు 20, పొడవు అర మైక్రాన్ ఉన్న రెసిస్టర్‌లో చిన్న కొలత పొడవే అవుతుంది. స్కీమాటిక్ గీసేవారు అలవాటుగా పెద్ద అంకెను పొడవు గడిలో వేస్తే పోలిక కొలతల తేడా చూపిస్తుంది.

మొదటి రెసిస్టర్ ఇలా పెట్టాం. సెన్స్ లైన్ మీద మెటల్ 3, వెడల్పు 0.5, పొడవు 0.5. ఒక చదరం కాబట్టి 47 మిల్లీఓమ్‌లు. 10 మైక్రోఆంపియర్లకు అర మైక్రోవోల్టు కూడా పడదు.

గీసేటప్పుడు పాటించినవి:

- మార్కర్ తీగ అంచుల కంటే రెండు పక్కలా 0.1 మైక్రాన్ బయటికి రావాలి. పక్క తీగ కనీసం 0.3 మైక్రాన్ దూరంలో ఉంటుంది కాబట్టి దాన్ని తాకదు. తాకితే ఆ తీగ కూడా కోసుకుపోతుంది. మ్యాజిక్‌లో బయటికి రావడం ఉండదు, పెయింట్ పెట్టె తీగ పూర్తి వెడల్పుకు సరిగ్గా ఉండాలి.
- మార్కర్ కింద వయా ఉండకూడదు. కేలేఅవుట్ తర్కంలో ఆ వయా పైన కండక్టర్ ఉండదు కాబట్టి అటు కొస ఓపెన్ అయిపోతుంది. మార్కర్‌కూ వయా వరుసకూ మధ్య అర మైక్రాన్ వదిలాం.
- మార్కర్ కింద తీగకు కొమ్మ ఉండకూడదు. మూడు కొసలున్న బాడీని కేలేఅవుట్ లోపంగా చూపించి వదిలేస్తుంది.
- పిన్ లేబుల్ మామూలు మెటల్ మీదే ఉండాలి. రెసిస్టర్ బాడీ మీద పడిన లేబుల్ ఏ నెట్‌కూ అంటదు.

స్కీమాటిక్‌లో విలువ సున్నాగా ఉన్న మామూలు రెసిస్టర్ సింబల్ పెట్టవద్దు. సున్నా విలువ డివైస్‌ను తీసేస్తే నెట్‌లిస్టులు (డివైస్‌లు, కనెక్షన్ల జాబితాలు) బాగా కలుస్తాయనుకుంటే నెట్‌జెన్ దాన్ని తీసేస్తుంది. మనం కాపలా పెట్టిన చోటే తలుపు తెరుచుకున్నట్టు. కిట్‌లోని జెనరిక్ మెటల్ రెసిస్టర్ మోడల్‌నే పొడవు, వెడల్పులతో పెట్టాలి.

రోజు 4 – సెన్స్‌కు ఒక్క రెసిస్టర్ చాలదు

మొదటి రెసిస్టర్ ఎక్కాక రోజు 1 తప్పును మళ్లీ కావాలని చేశాం. రెసిస్టర్‌తో సహా సెన్స్ లైన్‌ను పాస్ ట్రాన్సిస్టర్ పక్కకు జరిపాం. ఎల్‌వీఎస్ క్లీన్!

కారణం ఆలోచిస్తే స్పష్టమే. సెన్స్ లైన్ ఇప్పుడు వేరే నెట్, నిజమే. కానీ దాని అవతలి కొస కలిసే 400 మైక్రాన్ల తీగ మొత్తం ఇంకా ఒకే నెట్. రెసిస్టర్ ఆ తీగ మీద ఎక్కడైనా కూర్చోవచ్చు.

పరిష్కారం ప్రధాన తీగను కూడా కోయడం. లోడ్ ప్యాడ్‌కు కాస్త ముందు, 20 మైక్రాన్ల పూర్తి వెడల్పుకు అర మైక్రాన్ పొడవు మార్కర్. ఇప్పుడు మూడు నెట్‌లు: పాస్ ట్రాన్సిస్టర్ వైపు ఫోర్స్, డివైడర్ వైపు సెన్స్, మధ్యలో ప్యాడ్ దగ్గర లోడ్. ఫోర్స్‌కూ లోడ్‌కూ మధ్య మెటల్ 4 రెసిస్టర్, సెన్స్‌కూ లోడ్‌కూ మధ్య మెటల్ 3 రెసిస్టర్. 20 మిల్లీఆంపియర్లు మోసే తీగలో రెసిస్టర్ పెడుతున్నామని భయపడక్కర్లేదు. 0.025 చదరం, 1.175 మిల్లీఓమ్‌లు, 23.5 మైక్రోవోల్టులు, అదీ ఎలాగూ ఉన్న లోహానిదే.

సెన్స్ లైన్‌ను ఫోర్స్ తీగకు కలిపితే ఈసారి పోలిక విరిగింది. రెండు రెసిస్టర్లు వేర్వేరు మెటల్‌లలో ఉండడం వల్ల రిపోర్టు కూడా సూటిగా వచ్చింది: మెటల్ 3 డివైస్ ఒక కొస తప్పు నెట్‌లో ఉందని.

ఒక జాగ్రత్త: మధ్య నెట్‌కు పిన్ ఉండాలి. పిన్ లేకపోతే దాని మీద రెండు రెసిస్టర్ల కొసలు తప్ప మరేమీ ఉండవు. ఒకే రకం, ఒకే వెడల్పు రెసిస్టర్లయితే సిరీస్ విలీనం వాటిని ఒకటిగా చేసి, ఆ నెట్‌నే మాయం చేస్తుంది.

రోజు 5

పై రెండు మార్కర్లు, ప్యాడ్ వైపు వయా వరుస కలిపి ఒక చిన్న సెల్‌గా చేశాం. మూడు పిన్‌లు: ఫోర్స్, సెన్స్, లోడ్. లోపలి గీతలకు ఇక ఎవరూ చేయి పెట్టరు. పోలికలో ఈ సెల్‌ను బ్లాక్‌బాక్స్ చేయకూడదన్నది గట్టి నియమం. బ్లాక్‌బాక్స్ చేస్తే లోపల మార్కర్ ఉందో లేదో ఎవరికీ తెలియదు.

రోజు 6, 7 – గ్రౌండ్‌లు, అసలు చిక్కు

ఉద్దేశం: అనలాగ్ గ్రౌండ్, డిజిటల్ గ్రౌండ్ విడివిడిగా నడిచి ప్యాడ్ దగ్గర మాత్రమే కలవాలి. మెటల్ 5లో రెండు రెసిస్టర్లు పెట్టాం. చదరానికి 0.0285 ఓమ్. అనలాగ్ వైపు వెడల్పు 20, పొడవు 2, అంటే 2.85 మిల్లీఓమ్‌లు. డిజిటల్ వైపు వెడల్పు 10, పొడవు 2, అంటే 5.7 మిల్లీఓమ్‌లు. వెడల్పులు వేరుగా పెట్టడం కావాలనే. తారుమారైతే కొలతల తేడాగానైనా బయటపడుతుంది.

నడిపితే రెండు గ్రౌండ్‌లూ ఒకే నెట్. మార్కర్లు సరిగ్గానే ఉన్నాయి. మెటల్ 5 నుంచి కిందికి ఒక్కో లేయర్‌లో వెతికినా కలిసిన చోటు దొరకలేదు. కలిసింది లోహంలో కాదు, సబ్‌స్ట్రేట్‌లో, అంటే అడుగునున్న సిలికాన్‌లో. అనలాగ్ గార్డ్ రింగ్ (సర్క్యూట్ చుట్టూ గీసే రక్షణ వలయం) పీ ట్యాప్‌తో (సిలికాన్‌ను తాకే కాంటాక్ట్‌తో) అనలాగ్ గ్రౌండ్‌ను సబ్‌స్ట్రేట్‌కు కలుపుతుంది. స్టాండర్డ్ సెల్ (డిజిటల్ భాగం కట్టే రెడీమేడ్ లాజిక్ ముక్కల) వరుసల్లోని ట్యాప్ సెల్‌లు డిజిటల్ గ్రౌండ్‌ను అదే సబ్‌స్ట్రేట్‌కు కలుపుతాయి. పీ సబ్‌స్ట్రేట్ చిప్ మొత్తానికీ ఒక్కటే కాబట్టి ఎక్స్‌ట్రాక్షన్ చెప్పింది అక్షరాలా నిజం. మెటల్ మార్కర్‌తో లోహాన్నే కోయగలం, సిలికాన్‌ను కాదు.

మూడు దారులు పరిశీలించాం.

మొదటిది: సబ్‌స్ట్రేట్‌కు మూడో పేరు పెట్టి, ట్యాప్‌లన్నీ దానికే కలిపి, దాన్ని ప్యాడ్ దగ్గర మరో రెసిస్టర్‌తో కలపడం. అనలాగ్ వైపు ఇది శుభ్రంగా కుదురుతుంది. స్టాండర్డ్ సెల్ లైబ్రరీలో బల్క్ పిన్‌లు (ట్రాన్సిస్టర్ల కింది సిలికాన్‌కు వెళ్లేవి) పవర్ పిన్‌లకు వేరుగానే ఉన్నాయి కాబట్టి డిజిటల్ వైపూ సాధ్యమే. కాకపోతే పవర్‌కు కట్టని ట్యాప్ సెల్‌లు పెట్టి, వాటికి మరో గ్రౌండ్ గీత ప్రతి వరుసకూ లాగాలి. ఈ చిన్న బ్లాక్‌కు అంత పని తగదు.

రెండోది: డిజిటల్ భాగం మొత్తాన్ని డీప్ ఎన్‌వెల్‌లో (సబ్‌స్ట్రేట్ నుంచి వేరుచేసే లోతైన ఎన్ రకం సిలికాన్ తొట్టిలో) పెట్టడం. లోపలి పీ వెల్ నిజంగానే విడిపోతుంది. చుట్టూ ఎన్‌వెల్ గోడ కట్టాలి, దాన్ని డిజిటల్ 1.8 వోల్టులకు కలపాలి. మరో డీప్ ఎన్‌వెల్ ఉంటే 6.3 మైక్రాన్ల దూరం పాటించాలి. స్థలం పోతుంది, కానీ ఎల్‌వీఎస్ చెప్పేదీ సిలికాన్‌లో ఉండేదీ ఒకటే అవుతుంది.

మూడోది: సబ్‌స్ట్రేట్‌ను కోసినట్టు చూపే మార్కర్. కిట్‌లో ఉంది, గీయడానికి నిమిషం పట్టదు. మెటల్ మార్కర్‌కూ దీనికీ పోలిక కనబడినా స్వభావం వేరు. మెటల్ రెసిస్టర్ ఉన్న కనెక్షన్‌ను డివైస్‌గా నెట్‌లిస్టులోకి తెస్తుంది. సబ్‌స్ట్రేట్ కట్ ఉన్న కనెక్షన్‌ను నెట్‌లిస్టులోంచి తీసేస్తుంది. డిజిటల్ స్విచింగ్ నాయిస్ సబ్‌స్ట్రేట్ గుండా రెఫరెన్స్ దగ్గరికి వెళ్తూనే ఉంటుంది, సిమ్యులేషన్‌లో మాత్రం కనబడదు. వేర్వేరు గ్రౌండ్‌ల ప్యాడ్‌లన్నీ ఒకే సబ్‌స్ట్రేట్‌ను తాకే టాప్ లెవల్‌లో దీన్ని వాడక తప్పని సందర్భాలు ఉంటాయి. ఈ బ్లాక్ లోపల మాత్రం వాడలేదు.

రెండో దారే పట్టాం. అనలాగ్ గ్రౌండ్ సబ్‌స్ట్రేట్‌తో ఒకే నెట్, డిజిటల్ గ్రౌండ్ లోపలి పీ వెల్‌తో ఒకే నెట్. ప్యాడ్ దగ్గరి కలయిక నెట్‌కు ఒక్క పీ ట్యాప్ కూడా ఉండకూడదు. ఉంటే అనలాగ్ రెసిస్టర్ రెండు కొసలూ సబ్‌స్ట్రేట్ ద్వారా షార్ట్ అవుతాయి. ప్యాడ్ చుట్టూ అలవాటుగా వేసిన ఒక గార్డ్ రింగ్ సరిగ్గా ఇదే చేసింది. దాన్ని అనలాగ్ గ్రౌండ్ వైపుకు మార్చాం. ఆ తర్వాత నెట్‌లు మూడుగా విడిపోయాయి.

రోజు 8 – వాడని అవుట్‌పుట్‌లు

బ్లాక్ బయటి చట్రంలో ఎనిమిది డిజిటల్ అవుట్‌పుట్ పోర్ట్‌లు ఉన్నాయి, వాటిని వాడట్లేదు. వదిలేస్తే తేలుతూ ఉంటాయి కాబట్టి డిజిటల్ గ్రౌండ్‌కు కట్టాలి. నేరుగా కడితే ఎనిమిది లేబుల్‌లూ గ్రౌండ్ కూడా ఒకే నెట్ అయి, ఎక్స్‌ట్రాక్ట్ చేసిన నెట్‌లిస్టులో ఒక్క పేరే మిగులుతుంది. పోర్ట్ జాబితా చట్రంతో సరిపోదు. ఒక్కో పోర్ట్‌కు మెటల్ 4లో 0.3 వెడల్పు, 0.3 పొడవుతో ఒక రెసిస్టర్, మొత్తం ఎనిమిది. స్కీమాటిక్‌లో బస్‌కు ఒకే అరే సింబల్ చాలు. మ్యాజిక్ స్పైస్ నెట్‌లిస్టు రాసేటప్పుడు షార్ట్ అయిన పోర్ట్‌ల మధ్య తనే రెసిస్టర్ పెట్టే ఆప్షన్ ఉంది. పోర్ట్‌లు నిలబడతాయి గానీ పొరపాటున అయిన షార్ట్‌కూ అదే మర్యాద దక్కుతుంది. అందుకే వాడలేదు.

రోజు 9 – కావాలని చేసిన తప్పులు

క్లీన్ రిపోర్టు చూసి నమ్మడం కంటే, తప్పు పెడితే పట్టుకుంటుందా అని చూడడమే నిజమైన పరీక్ష. లేఅవుట్ కాపీల మీద ఒక్కో తప్పు పెట్టి నడిపాం.

సెన్స్ మార్కర్ తీసేస్తే ఒక డివైస్, ఒక నెట్ తక్కువ. పట్టుకుంది.

మార్కర్‌ను ఒక పక్క 5 నానోమీటర్లు, అంటే ఒక గ్రిడ్ అడుగు, లోపలికి లాగితే పక్కన మిగిలిన సన్నని మెటల్ గీత రెండు కొసల్నీ కలిపేసింది. డీఆర్‌సీ ఏమీ అనలేదు. మొత్తం లోహం వెడల్పు మారలేదు కదా. నెట్‌జెన్‌లో డివైస్‌ల సంఖ్య సరిపోయి నెట్‌ల సంఖ్య ఒకటి తగ్గింది. ఈ జోడీ కనిపిస్తే మొదట చూడాల్సింది మార్కర్ అంచులే. షార్ట్ కోసం చిప్ అంతా వెతకనక్కర్లేదు.

అనలాగ్, డిజిటల్ గ్రౌండ్‌లను దూరంగా మరోచోట మెటల్ 2తో కలిపితే పట్టుకుంది. ఈ పద్ధతి ఉన్నదే దీనికోసం.

స్కీమాటిక్‌లో వెడల్పు 20 బదులు 18 రాస్తే నెట్‌లు కలిసి, కొలతల దగ్గర ఆగింది. పోలిక సెటప్‌లో సహనం ఒక శాతం.

అనలాగ్ గ్రౌండ్‌ను ప్యాడ్ నెట్‌కు రెండు దూరపు చోట్ల, చెరో 10 మైక్రాన్ల మార్కర్‌తో కలిపితే క్లీన్ వచ్చింది. సెటప్‌లో సమాంతర విలీనం ఆన్‌లో ఉంది, 10, 10 కలిసి 20 అయ్యాయి. మామూలు రెసిస్టర్లకు ఈ విలీనం అవసరమే. నెట్‌లను విడదీసే మెటల్ రెసిస్టర్లకు మాత్రం అది లూప్ కట్టడానికి అనుమతి ఇవ్వడమే. ఆ డివైస్‌లకు సెటప్ ఫైల్‌లో సమాంతర విలీనం ఆపేశాం. కేలేఅవుట్‌లోనూ డివైస్‌లను విలీనం చేసే అడుగును ఈ రకానికి వర్తించకుండా రాశాం.

చివరిది: ఫోర్స్ మార్కర్‌ను పాస్ ట్రాన్సిస్టర్ పక్కకు జరిపితే, ఎన్నిసార్లు నడిపినా క్లీన్. కలయిక క్రమం మారలేదు, చోటు మాత్రమే మారింది. ఎల్‌వీఎస్‌కు చోటు తెలియదు. రోజు 5 నాటి సెల్ ఇక్కడ అక్కరకొచ్చింది, మార్కర్ ఒక్కటే విడిగా జరగదు. సెల్‌నే జరిపితే? దానికి కేలేఅవుట్ స్క్రిప్ట్ చివర ఒక తనిఖీ చేర్చాం: లోడ్ నెట్‌కు చెందిన మెటల్ అంతా ప్యాడ్ చుట్టూ గీసిన పెట్టెలోనే ఉండాలి, ఒక్క మూల బయటికొచ్చినా లోపం. పది వరసలు కూడా లేని ఈ తనిఖీయే మొత్తం పనిలో ఎక్కువ విలువైనదని మా అంచనా.

రోజు 10 – మిగతా సాధనాల దృష్టిలో

పారాసిటిక్ ఎక్స్‌ట్రాక్షన్ (తీగల సొంత రెసిస్టెన్స్, కెపాసిటెన్స్ లెక్కించడం): మార్కర్ కింది లోహాన్ని డివైస్‌గా ఒకసారి, తీగ రెసిస్టెన్స్‌గా మరోసారి లెక్కేస్తున్నదేమో చూడాలి. అర మైక్రాన్ ముక్కకు తేడా లెక్కలోకి రాదు. పొడవాటి మార్కర్‌కు వస్తుంది. మార్కర్‌ను పొట్టిగా ఉంచడానికి ఇదొక కారణం.

యాంటెన్నా తనిఖీ (తయారీలో తీగలు పోగుచేసే ఛార్జ్ గేట్‌ను చెడగొడుతుందేమో చూడడం): ఫ్యాబ్‌లో లోహం అతుకు లేకుండా ఉంటుంది కాబట్టి ప్లాస్మా ఛార్జ్ మార్కర్‌ను పట్టించుకోదు. తనిఖీ డెక్ కోసిన నెట్‌లతో లెక్కేస్తే రెండు రకాలుగా తప్పుతుంది. అవతలి వైపు డయోడ్ ఉన్నా లేదంటుంది, లేదా అవతలి వైపు పెద్ద లోహ వైశాల్యాన్ని వదిలేస్తుంది. రెండోది ప్రమాదకరం. యాంటెన్నా తనిఖీని మార్కర్‌లన్నీ తీసేసిన జీడీఎస్ కాపీ మీద నడిపాం. సెన్స్ లైన్ డివైడర్‌కే వెళ్తుంది, గేట్‌కు కాదు కాబట్టి ఇక్కడ ఏమీ రాలేదు.

ఐఆర్ డ్రాప్ (తీగల్లో పోయే వోల్టేజీ), ఎలక్ట్రోమైగ్రేషన్ (కరెంటు వల్ల లోహం అరగడం) విశ్లేషణకూ అదే మార్కర్ లేని కాపీ. కోసిన గ్రౌండ్‌తో నడిపితే ప్యాడ్‌కు దారి లేదని సగం గ్రిడ్‌ను పక్కన పెట్టేస్తుంది.

డిజిటల్ భాగం లోపల రెసిస్టర్లేవీ లేవు. రౌటర్‌కు వాటి సంగతి తెలియదు, వేసిన దాన్ని దాటుకుని వేరే మెటల్‌లో కలిపేస్తుంది. ఆ భాగానికి తనదైన ఒకే గ్రౌండ్ పేరు ఇచ్చి, విడదీయడం, కలపడం అంతా బయట చేతితో గీసిన చట్రంలోనే పెట్టాం.

ప్రస్తుత స్థితి: మొత్తం 12 మెటల్ రెసిస్టర్లు. సెన్స్ సెల్‌లో 2, గ్రౌండ్‌లకు 2, పోర్ట్‌లకు 8. రెండు సాధనాల్లోనూ నెట్‌లు, డివైస్‌లు, కొలతలు సరిపోయాయి. తప్పులు పెట్టిన ఆరు కాపీలను, వాటికి రావాల్సిన ఫలితాలతో సహా, రిపాజిటరీలో ఉంచాం. సెటప్ ఫైల్ మారినప్పుడల్లా అవి కూడా నడుస్తాయి.